కార్టర్ కోసం ఒక ఆమెన్

మా మామయ్యగారిది ఒంగోలు. మనిషి మాత్రం ఒంగడు. పేరు కృపావరం. పేరులో కృప ఉంది, వరం ఉంది. జిమ్మీ కార్టర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండూ అయిపోయేవి.

మిషిగన్‌లోని ట్రాయ్‌లో, వాళ్ళింట్లో పొద్దున ఆరున్నరకి కుటుంబ ప్రార్థన. చేసేది అత్తయ్యగారు, దయామణి. నలభై ఏళ్ళు నర్సుగా పనిచేసిన మనిషి కాబట్టి దేవుడికి కూడా వార్డు అప్పజెప్పినట్టే అప్పజెప్పేవారు. ముందు సంఘం, తరువాత మంచం పట్టినవాళ్ళు, ఆ తరువాత వీసా చిక్కుల్లో ఉన్న పిల్లలు, ఆఖరున దేశాన్ని ఏలేవాళ్ళు. ఏలేవాళ్ళంటే కుర్చీలో ఉన్నాయన ఒక్కడే కాదు. దిగిపోయినవాళ్ళు కూడా, ప్రాణాలతో ఉన్నంతవరకూ, పేరుపేరునా.

"మాజీలకి ఎందుకండీ అత్తయ్యగారూ?" అని పెళ్ళైన కొత్తలో అడిగాను.

"మాజీ అయితే మనిషి కాకుండా పోతాడా నాయనా? కుర్చీ దిగాకే మోకాళ్ళ నొప్పులు తెలిసేది" అన్నారు.

ఒక్కో పేరు దగ్గర ఆవిడ ఆగాలి. మిగతావాళ్ళం ఆమెన్ అనాలి. అది ఆ ఇంటి పద్ధతి. మామయ్యగారు పైకి ప్రార్థన చేయగా విన్నవాళ్ళు ఎవరూ లేరు. ఆయన ఆమెన్ల మనిషి. ఫోర్డ్‌కి ఫోర్సుగా ఆమెన్, రేగన్‌కి రాగం తీసి ఆమెన్, పెద్ద బుష్‌కి పుష్కలంగా ఆమెన్, క్లింటన్‌కి క్లుప్తంగా ఒకటి. "ప్రభువా, నీ సేవకుడైన కార్టర్‌గారిని..." అనేసరికి మాత్రం దగ్గు. పొడి దగ్గు. పేరు దాటగానే తగ్గిపోయే దగ్గు.

2001లో ఆ ఇంటికి కొత్త అల్లుణ్ణి. మొదటి రోజు ఆ దగ్గు విని పరిగెత్తి మంచినీళ్ళు తెచ్చాను. రెండో రోజు వీపు తట్టాను. మూడో రోజు, అత్తయ్యగారి ప్రార్థన ఆమెన్ లేకుండా గాలిలో వేలాడటం చూడలేక, నేనొక్కణ్ణే గట్టిగా "ఆమెన్" అన్నాను. ఆ రోజంతా మామయ్యగారు నాతో మాట్లాడలేదు.

"ప్రసన్న్, నువ్వు డాడీకి ఎగెనెస్ట్ ఓట్ చేశావ్" అంది నమ్రత సాయంత్రం. నమ్రత మా ఆవిడ. మిషిగన్‌లో పుట్టి, అమ్మ దగ్గర తెలుగు, నాన్న దగ్గర పంతం నేర్చుకుంది. పేరులో ఉన్న గుణాన్ని పేరులోనే ఉంచేసింది.

కార్టర్ అంటే మామయ్యగారికి కారం. రేగన్ అంటే అత్తయ్యగారు రేగేవారు. కార్టర్‌ని రేగన్ ఓడించిన 1980 ఎన్నికలు, భోజనాల బల్ల దగ్గర ఈ ఇద్దరి మధ్యా ఇంకా అయిపోలేదు.

"పెట్రోలుకి క్యూలు. వడ్డీలు ఆకాశంలో. ఇరాన్‌లో మనవాళ్ళు బందీలు. ఏం చేశాడయ్యా మీ అత్తయ్య దేవుడు?" అనేవారు మామయ్యగారు.

"దేవుడని నేననలా. ఆదివారపు బడి పంతులు అన్నా. ప్రెసిడెంటు పని పోయాక కూడా సొంతూరెళ్ళి పిల్లలకీ పెద్దలకీ వాక్యం చెప్పుకుంటా బతికిన మనిషి ఇంకొకడు ఉన్నాడా, చెప్పండి."

"వాక్యం చెప్పడానికి పాస్టర్లున్నారు. దేశాన్ని నడపమంటే..."

"ఆయన తల్లి నర్సు. అరవై ఎనిమిదేళ్ళప్పుడు బొంబాయి పక్కకొచ్చి మన రోగులకి చాకిరీ చేసింది. మీ రేగన్ తల్లి వచ్చిందా?"

"ఏందే ఇది! తల్లుల్ని చూసి ఓట్లేస్తారా ఎవరన్నా?"

"నేనేస్తా."

మా తెలుగు సంఘంలో అందరిదీ ఇదే వరస అని తరువాత అర్థమైంది. అరవైల చివర్లో వచ్చిన డాక్టర్లకి వలస చట్టంతో తలుపు తీసిన ప్రెసిడెంటు జాన్సనే మోషే. హెచ్-వన్ వీసా మీద దిగిన నా బోటివాళ్ళకి ఆ వీసా చట్టం మీద సంతకం చేసిన పెద్ద బుష్ మీద విశ్వాసం. క్లింటన్ గొడవ వచ్చినప్పుడు అత్తయ్యగారు "దావీదూ తప్పు చేశాడు, ఏడ్చాడు, దేవుడు క్షమించాడు" అన్నారట. "దావీదు కీర్తనలు రాశాడే, ఈయన సాక్సఫోన్ ఊదాడు" అన్నారట మామయ్యగారు. ఎవరి జ్ఞాపకం వారిది, దానికి సరిపడా వాక్యం దొరకడం పెద్ద కష్టం కాదు. మామయ్యగారి జ్ఞాపకం అందరికీ తెలిసిందే. 1980 మార్చిలో కారు విడిభాగాల కంపెనీలో ఇంజనీరు ఉద్యోగం పోయింది. లేఆఫ్. ఒక పూట "లే" అన్నారు, బతుకు "ఆఫ్" అయింది. పద్నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నారు. అప్పుడు ప్రెసిడెంటు కార్టర్. అంతే అనుకున్నాం మేమందరం.

ఆ ప్రార్థనకి ఇంకో నియమం ఉంది. 2004లో రేగన్ పోయిన మర్నాడు పొద్దున అత్తయ్యగారు ఆ పేరు చదవలేదు. కార్టర్ నుంచి నేరుగా పెద్ద బుష్‌కి వెళ్ళిపోయారు. మామయ్యగారికి దగ్గు ఆపుకోవడానికి కూడా టైము దొరకలేదు.

"ఒక్క రోజన్నా ఆగవా?" అన్నారు ప్రార్థన అయ్యాక. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"పోయినవాళ్ళ కోసం ప్రార్థన చేయడం మన బోధ కాదు కదండీ. బతికుండగానే చేయాలి. మొన్నటిదాకా చేశాను, ఇప్పుడు ఆయన దేవుడి చేతిలో ఉన్నాడు."

దానికి మామయ్యగారు తలూపారు. ఆయన ఒంగోలు బాప్తిస్టు. సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళని చూస్తే నొసలు చిట్లించే రకం. తరువాత ఫోర్డ్ పోయారు, పెద్ద బుష్ పోయారు. ఒక్కో పేరూ ఆ మర్నాటి ప్రార్థనలోంచి చప్పుడు లేకుండా తప్పుకుంది.

2008లో అందరం కారులో ఫ్లోరిడా వెళ్ళాం. జార్జియాలో ఉండగా అత్తయ్యగారు మ్యాపు తీసి, "హైవే దిగితే కార్టర్‌గారి ఊరు గంట దారి అట. రేపు ఆదివారం. ఆయన పాఠం చెబుతాడు, వెనక బెంచీలో కూర్చుని వినొద్దాం" అన్నారు. మామయ్యగారు డ్రైవ్ చేస్తున్నారు. ఆ ఎగ్జిట్ వచ్చింది, వెళ్ళిపోయింది. అత్తయ్యగారు మ్యాపు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. మాజీతో రాజీ లేదాయనకి.

2023 ఫిబ్రవరిలో కార్టర్‌గారు ఆసుపత్రులు చాలించి, ఇంటి దగ్గరే హాస్పిస్ అనే ఆఖరి రోజుల సేవలో ఉంటారని వార్త వచ్చింది. అందరూ వారమో పదిరోజులో అనుకున్నారు. అత్తయ్యగారు మాత్రం ప్రార్థనలో ఆయనకి ఇంకో రెండు వాక్యాలు పెంచారు. మామయ్యగారి దగ్గూ ఆ మేరకు పెరిగింది. ఏడాది గడిచింది. ఆయన అలాగే ఉన్నారు.

2024 సెప్టెంబరులో అత్తయ్యగారికి స్ట్రోక్ వచ్చింది. పక్షపాతం మామయ్యగారిది, పక్షవాతం అత్తయ్యగారికి. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్క పూటలో పోయాయి. అన్నీ అర్థమవుతాయి, ఒక్క మాటా రాదు. డిసెంబరు మొదట్లో రెండోది వచ్చింది. ఇక ఆసుపత్రులు వద్దని ఆవిడ ఎప్పుడో కాగితం రాసి సంతకం పెట్టి ఉంచారు, నర్సు కదా. హాస్పిస్ వాళ్ళు లివింగ్ రూములో కిటికీ పక్కన మంచం వేసి వెళ్ళారు. బయట మంచు, లోపల మంచం. ఆ మాట అనేసి నమ్రత మొహం చూసి నోరు మూసుకున్నాను.

పొద్దున ఆరున్నర అలాగే వచ్చేది. మంచం చుట్టూ కూర్చునేవాళ్ళం. ప్రార్థన చేసే మనిషికి నోరు లేదు. నమ్రత ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పేది. నేను గుంటూరు లూథరన్‌ని, పుస్తకంలో ఉన్నది చూసి చదివే రకం, అదే చదివేవాణ్ణి. అయిపోయాక అత్తయ్యగారు మామయ్యగారి వైపు చూసేవారు. ఏదో మిగిలిపోయిందని చూసే చూపు. ఆయన లేచి కాఫీ గిన్నెలు కడగడానికి వెళ్ళేవారు.

క్రిస్మస్ అయిన మూడో రోజు, శనివారం మధ్యాహ్నం, హాస్పిస్ నర్సు నన్ను వరండాలోకి పిలిచి వారం, మహా అయితే పది రోజులు అని చెప్పింది. మామయ్యగారికి చెబుదామని వెతికితే ఇంట్లో లేరు. గరాజ్‌లో కారులో ఉన్నారు. ఇంజన్ ఆపి ఉంది, అద్దాలు ఎత్తి ఉన్నాయి, ఆయన పెదాలు కదులుతున్నాయి. తలుపు తీసి పక్క సీట్లో కూర్చున్నాను.

"ఏం చేస్తున్నారు మామయ్యగారూ?"

"ప్రాక్టీసు."

"దేనికి?"

"ప్రార్థనకి." స్టీరింగు మీదనుంచి చెయ్యి తీయలేదు. "ఎనభై మూడేళ్ళొచ్చాయి అల్లుడూ. ఒక్కసారి కూడా పైకి చేయలా. అది చేసేది, నేను ఆమెన్ అనేవాణ్ణి. ఇప్పుడు అది చేయలేదు, కాబట్టి నేను చేయాలి. ఆయన పేరు కూడా చెప్పాలి. దానికి వినపడాలి."

"కార్టర్ పేరా?"

"ఆయనా ఇంకా ఉన్నాడుగా. ఇదీ ఉంది. ఇద్దరూ ఉండగా ఒక్కసారి."

నర్సు చెప్పింది చెప్పాను. విన్నారు. ఎదురుగా గోడకి వేలాడుతున్న మంచు పార వైపు చూశారు.

"ఉద్యోగం పోయాక," అన్నారు, "మన సంఘం ఆయన ఒకడు పెట్రోలు బంకులో పని ఇస్తానన్నాడు. ఇక్కడికి తూర్పున ఉన్న వారెన్‌లో. పగటి పూటే. ఒంగోలు నుంచి ఇంజనీరునై వచ్చి పెట్రోలు పోయనా అన్నా నేను. దయా ఏమీ అనలా. డబుల్ షిఫ్టులు మొదలుపెట్టింది. అప్పుడు దానికి మూడో నెల."

అద్దం మీద పట్టిన ఆవిరిని చేత్తో తుడిచారు.

"అక్టోబరులో డ్యూటీలోనే నొప్పులొచ్చాయి. మగపిల్లాడు. ఊపిరి లేదు. పనిచేసే ఆసుపత్రిలోనే పడుకుంది. అది కడిగిన గదులే. మూడు వారాలకి ఎన్నికలు. నాకు సిటిజన్‌షిప్పు వచ్చాక మొదటి ఓటు. వేసి బయటికొస్తే ఎంత హాయిగా ఉందో తెలుసా అల్లుడూ? నేరం చేసినవాడు దొరికిపోయినట్టు. ఆ రాత్రి టీవీలో ఆయన ఓడిపోయాడని చెబుతుంటే చప్పట్లు కొట్టా. అది లోపల గదిలో పడుకుని ఉంది. మర్నాడు పొద్దున లేచి కూర్చుని ప్రార్థనలో ఆయన పేరు చదివింది. దిగిపోతున్న మనిషి పేరు. చదివి ఆగింది, నా ఆమెన్ కోసం. అప్పుడు వచ్చింది మొదటి దగ్గు."

"అత్తయ్యగారికి తెలుసా?"

"అది నర్సు అల్లుడూ. ఏ దగ్గు ఎందుకొస్తుందో దానికి తెలియదా? నలభై నాలుగేళ్ళు ప్రతి పొద్దునా ఆగింది. ఒక్కసారి కూడా అడగలా."

కారు తలుపు తీశారు. ఒక కాలు కింద పెట్టారు. "పద, ఇప్పుడే చెప్పేస్తా" అన్నారు.

అక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. బరువైన చోట నా నోరు ఆగదు, అదొక జబ్బు. "ఆమెన్‌లోనే ఆమె ఉంది కదా మామయ్యగారూ, ఎక్కడికి పోతుంది" అన్నాను.

ఆయన నవ్వారు. చాలా రోజుల తరువాత నవ్వారు. పెట్టిన కాలు లోపలికి తీసుకున్నారు. "నిజమే. రేపు ఆదివారం. ఆదివారపు బడి పంతులికి ఆదివారం చేస్తేనే మర్యాద. చర్చి నుంచి రాగానే, మీరందరూ ఉండగా" అన్నారు. నాకూ అది బాగానే ఉందనిపించింది.

మా సంఘానికి సొంత గుడి లేదు. ఒక అమెరికన్ చర్చి హాలు ఆదివారం మధ్యాహ్నాలకి అద్దెకి తీసుకుంటాం. నమ్రత అమ్మ దగ్గర ఉండిపోయింది. మామయ్యగారు, నేను వెళ్ళాం. మా పాస్టరుగారు ఫాస్టు కాదు, నాలుగు దాటాక ముగించారు. టీ గ్లాసులు అందుకుంటుండగా అందరి జేబుల్లోనూ ఒకేసారి ఫోన్లు మోగాయి.

"కార్టర్ పోయారట" అన్నారు ఎవరో.

ఒక పెద్దాయన మామయ్యగారి భుజం మీద చెయ్యి వేసి, "కృపావరం, మీ శత్రువు వెళ్ళిపోయాడయ్యా" అని నవ్వారు. అది ప్రతివారం ఆడుకునే హాస్యమే. ఆయనకేం తెలుసు. మామయ్యగారి చేతిలో టీ ఒలికి కోటు మీద పడింది.

పాస్టరుగారు గ్లాసు పక్కన పెట్టి, "నూరేళ్ళు బతికిన విశ్వాసి. పోయినవారి కోసం మనం ప్రార్థించం, వారి కుటుంబానికి ఆదరణ కోసం ప్రార్థిద్దాం" అన్నారు. అందరూ తలలు వంచారు. అందరూ ఆమెన్ అన్నారు. మామయ్యగారి నోటినుంచి ఆమెన్ రాలేదు, దగ్గూ రాలేదు.

కారులో కూర్చోగానే, "నమ్రతకి ఫోన్ చెయ్యి. టీవీ ఆపమను" అన్నారు.

చేశాను. "ఓకే, ఆపాను" అంది నమ్రత. ఇంకేదో చెప్పబోయింది. ఆయన నా చేతిలోంచి ఫోన్ తీసి పెట్టేశారు.

"మామయ్యగారూ, ఇప్పుడిక..."

"డ్రైవ్ చెయ్యి అల్లుడూ."

ఇంటికి వచ్చేసరికి వెలుతురు పోతోంది. ఆయన బూట్లు విప్పి, టీ మరకల కోటుతోనే మంచం పక్కకి వెళ్ళారు. మంచం ఇనుప కడ్డీ పట్టుకుని, ఒక్కో మోకాలూ విడివిడిగా వంచి కార్పెట్ మీద మోకరించారు. అత్తయ్యగారి ఎడమ చెయ్యి దుప్పటి మీద ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"దయా, నేను ప్రార్థన చేస్తా" అన్నారు.

నమ్రత నా వైపు చూసింది. నేను తల వంచాను.

ఆవిడ వరసలోనే చేశారు. ముందు సంఘం. తరువాత మంచం పట్టినవాళ్ళు. అక్కడ "దయామణి" అని కూడా చెప్పారు. తరువాత వీసాల పిల్లలు, ఒక్కో పేరూ, ఎన్నో ఏళ్ళుగా విని విని కంఠతా వచ్చిన పేర్లు. మాట తడబడుతోంది, అయినా వదలడం లేదు. ఏలేవాళ్ళ దగ్గరికి వచ్చారు.

"ప్రభువా, నీ సేవకుడైన కార్టర్‌గారిని... నువ్వు కాపాడు. ఆయన మంచం దగ్గర ఉండు. ఆయనకి ఇంకా ఆయుష్షు..."

కార్టర్ పోయిన వార్త ఆయన గంట కిందటే విన్నారు. కొవ్వొత్తి చూస్తే నొసలు చిట్లించే మనిషి, పోయినవాడికి ఆయుష్షు అడుగుతున్నారు, తెలిసి తెలిసి, దేవుడి ముందు, భార్యకి వినిపించాలని.

అత్తయ్యగారి ఎడమ చెయ్యి దుప్పటి మీదనుంచి లేచింది. మెల్లగా వచ్చి ఆయన నోటి మీద వాలింది. మూసింది.

"మమ్మీ చూసేసింది డాడీ," అంది నమ్రత. "ఫోన్ వచ్చే ముందే టీవీలో వచ్చింది. అదే చెప్దాం అనుకున్నా. నువ్వు కట్ చేశావ్."

మామయ్యగారు కళ్ళు తెరవలేదు. ఆ చెయ్యి తీయలేదు. వేళ్ళ కిందనుంచే, దేవుడితో కాదు, ఆవిడతోనే మాట్లాడారు. మాటలు ముద్దగా వచ్చాయి కానీ అందరికీ వినిపించాయి.

"ఆ బంకు పని నేను చేయాల్సింది, దయా. వద్దన్నది నేను. ఆయన కాదు. ఆయన ఏం చేశాడు పాపం. పిల్లాడు పోయింది నా వల్ల. నాకు తెలుసు. ఆ రోజే తెలుసు."

"ఏ పిల్లాడు?" అంది నమ్రత.

రెండడుగులు ముందుకి వేసింది.

"డాడీ. ఏ పిల్లాడు?"

ఆయన మోకాళ్ళ మీదే తిరిగి కూతురి వైపు చూశారు. "నీకు తమ్ముడు. నీకప్పుడు ఐదేళ్ళు. చర్చి ఆంటీ ఇంట్లో వారం ఉంచాం నిన్ను."

"నాకు గుర్తుంది. మమ్మీకి ఫ్లూ అన్నారు." నమ్రత మంచం అంచు పట్టుకుంది. "నాకు యాభై దాటబోతున్నాయి, డాడీ. ఫ్లూ అనుకుంటున్నా ఇప్పటికీ. వాడు ఎక్కడున్నాడు? ఎక్కడ... వేర్ ఈజ్ హీ బరీడ్?"

అప్పుడు చూశాను మామయ్యగారి మొహం. ఒంగని మనిషి మొహం కాదది.

"నేను వెళ్ళలా," అన్నారు. "ఆ రోజు నేను వెళ్ళలా. ఆసుపత్రి నర్సులే దీన్ని తీసుకెళ్ళి... తరువాత ప్రతి అక్టోబరులో షాపింగ్ అని చెప్పి ఒక్కతే వెళ్ళేది. ఖాళీ చేతులతో వచ్చేది. నాకు తెలుసు. ఎక్కడికని ఎప్పుడూ అడగలా."

ముగ్గురం అత్తయ్యగారి వైపు చూశాం. చోటు తెలిసిన మనిషి ఆవిడొక్కతే. ఆవిడ పెదాలు కదిలాయి. గొంతులో ఏదో తిరిగింది, బయటికి రాలేదు. రెండోసారి కూడా ప్రయత్నించారు. తరువాత ఎడమ చెయ్యి మళ్ళీ లేచి, ఒక వేలు కిటికీ వైపు చాచింది. తూర్పుకి.

"వారెనా?" అన్నారు మామయ్యగారు. "అప్పుడు మనం ఉన్న అపార్టుమెంటు దగ్గరా? దయా, అటేనా?"

వేలు అలాగే ఉంది, ఆ తరువాత చెయ్యి వాలిపోయింది. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. ఆ సాయంత్రం మళ్ళీ తెరవలేదు. ఊపిరి మాత్రం ఉంది.

సోమవారం పొద్దున మామయ్యగారు ఏడింటికే కోటు వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డారు. "చూసి వచ్చానని చెప్పాలి. దానికి వినపడుతుండగానే చెప్పాలి" అన్నారు. రేపు అనే మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆ వారం మంచు కరిగి ఊరంతా బురద. తూర్పుగా వెళ్ళాం. ఒక వేలు చూపిన వైపు ఎన్ని సమాధి తోటలుంటాయో ఫోనులో వెతికితే తెలిసింది. మొదటిదాంట్లో కంప్యూటరు చూసి లేదన్నారు. రెండోదాంట్లో 1980 నాటివి కార్డుల మీద ఉంటాయని, అవి చూసే ఆమె సెలవులో ఉందని, కొత్త సంవత్సరం అయ్యాక రమ్మని చెప్పారు. "పిల్లాడి పేరేమిటి?" అని అడిగాడు ఆఫీసు కుర్రాడు. మామయ్యగారు తల అడ్డంగా ఊపారు. "అయితే బేబీ అని ఉంటుంది. చిన్నపిల్లల వరసలు ఆ కంచె పక్కన" అని చెయ్యి చూపించాడు.

కంచె పక్కన నిలువు రాళ్ళు లేవు. అన్నీ నేలకి అంటుకుపోయిన పలకలు, ఇటుకంత. గడ్డి మీదికి పాకి, బురద పట్టి, అక్షరం కనిపించడం లేదు. మామయ్యగారు వెనక్కి వెళ్ళి కారు డిక్కీలోంచి అద్దాల మీద మంచు గీకే స్క్రేపర్ తెచ్చారు. మొదటి పలక దగ్గర గడ్డిలో మోకరించారు. మోకాళ్ళ కింద బురద చిత్తడిగా అణుగుతోంది.

గీకారు. "చదువు అల్లుడూ, నా కళ్ళజోడు మసకబారింది."

"బేబీ ష్మిట్. 1974."

"కాదు."

పక్కదానికి జరిగారు. నేను లేవదీయబోతే చెయ్యి విదిలించుకున్నారు. నమ్రత ఇంటినుంచి మెసేజ్ పెట్టింది: ఊపిరి బాగా నెమ్మదించింది, నర్స్ వచ్చింది. ఆయనకి చెప్పాను. ఆయన గీకడం ఆపలేదు, ఇంకా తొందరగా గీకారు.

"బేబీ రామిరెజ్. 1976."

"కాదు."

నాకు అనడానికి ఒక్క మాట దొరకలేదు. ఎవరెవరి పిల్లల ఇంటిపేర్లో ఒక్కొక్కటే పైకి చదువుతూ ఆయన వెనక నడిచాను. ప్రతి రాయి దగ్గరా ఆయన ఒక్క క్షణం అరచేత్తో పలక తుడిచేవారు, తమది కాకపోయినా.

"ఇది?"

"బేబీ కొవాల్‌స్కీ. 1979."

"దగ్గరికొచ్చాం," అన్నారు మామయ్యగారు, పక్క పలక మీద గడ్డి పీకుతూ.